తిన్నామని చెప్పిన ఊరు

మా ప్రొఫెసరమ్మకు యాభై ఆరో ఏట పరీక్ష వచ్చిపడింది. పెట్టింది ఆమె పాఠాలు చెప్పే విశ్వవిద్యాలయమే. ఇన్నేళ్ల మీ పరిశోధన వల్ల జనానికి ఏం ఒరిగిందో ఆధారాలతో చూపించండి అంటూ పన్నెండు పేజీల ఫారం పంపారు. మొదటి పేజీ మీద 'ప్రభావం' అని లావుపాటి అక్షరాలతో ఉంది. ఆమె దాన్ని నా ముందు పడేసి, "చూశారా లాక్సన్ గారూ, ఈ వయసులో నాకు హోంవర్కు" అంది.

నవ్వుతూనే అంది. ఎందుకంటే ఆమెకు భయపడాల్సిన పని లేదు. ప్రొఫెసర్ లిన్లీ కచాలె అంటే మలావీలోనే కాదు, పక్క దేశాల ఆర్థికశాస్త్రం వాళ్లకూ తెలుసు. కరువు నెలల్లో ఇంటింటి పస్తులను ఎలా కొలవాలో నేర్పింది ఆమే. పాత మొక్కజొన్న అయిపోయి కొత్తది కంకి వేసేదాకా, నవంబరు నుంచి మార్చి వరకు మాకు గడ్డుకాలం. ఆ రోజుల్లో ఏ ఊరికి పిండి బస్తాలు పంపాలో తేల్చడానికి ప్రభుత్వం ఆమె ప్రశ్ననే వాడుతుంది. "గత నెలలో మీ ఇంట్లో ఏమీ తినకుండా గడిచిన రోజులెన్ని?" ఊరి సగటు ఆరు దాటితే పిండి వస్తుంది. దాటకపోతే రాదు.

పన్నెండేళ్ల కిందట ఆ ప్రశ్నను ఇంగ్లీషు నుంచి మా చిచేవా భాషలోకి మార్చింది నేనే. నా పేరు లాక్సన్ బిజిలా. ఇరవై రెండేళ్లుగా టోపీ పెట్టుకుని, అట్ట పట్టుకుని, కుక్కలతో కరిపించుకుంటూ ఊరూరా తిరిగి ప్రశ్నలడగడం నా వృత్తి. కొత్తగా చేరే కుర్రకారుకు శిక్షణ ఇచ్చేదీ నేనే. నా ముందు ఎవరైనా ఆ ప్రశ్నను ఒక్క మాట మార్చి అడిగితే ఊరుకోను.

ఫారంతో పాటు ఇంకో కాగితం కూడా ఉంది. పిండి పంచే ఆఫీసు వాళ్లు ఆ ప్రశ్ననే మరో ఐదేళ్లు వాడదామనుకుంటున్నారు. ప్రశ్న సరిగ్గా పనిచేస్తోందని ప్రొఫెసరమ్మ సోమవారంలోగా సంతకం చేసి ఉత్తరం ఇవ్వాలి. ఇస్తే ఆ ప్రశ్నను, అడిగే పద్ధతితో సహా పుస్తకంగా అచ్చు వేస్తారు. లోపలి పేజీలో 'చిచేవా అనువాదం: లాక్సన్ బిజిలా' అని ఉంటుంది. సిగ్గు లేకుండా చెబుతున్నాను, ఆ ఒక్క వరుస కోసం నేను చాలా ఆశపడ్డాను. అచ్చు నమూనాను మా ఆవిడకు అప్పటికే నాలుగుసార్లు చూపించాను.

ఉత్తరంలోకీ ఫారంలోకీ కావలసిన ఆధారాల కోసం ఇద్దరం ఆమె కారులో బయల్దేరాం. నవంబరు చివరి వారం. చూడాల్సినవి రెండు ఊళ్లు. ములాంజే కొండ కింద ఉన్న నమవాటేలో పస్తులు నెలకు తొమ్మిది రోజులు. షిరే నది దిగువన ఉన్న చిముతులో ఒక్క రోజు కూడా లేవు. అసలు ప్రొఫెసరమ్మకు పేరు తెచ్చింది చిముతే. అరచేతంత పొలాలు, ఏటా వరద, పండిన కాస్తా నీటిగుర్రాలు తొక్కిపోవడం, అయినా పస్తుల్లేవు. ఎలా సాధ్యం? నది ఒడ్డు తడి నేలలో రెండో పంట వేసుకుంటారు, ఒకరికొకరు పెట్టుకుంటారు, అందుకే తట్టుకున్నారు అని ఆమె రాసింది. దానికి 'చిముతు ఓర్పు' అని పేరు పడింది. ఎక్కడెక్కడి పిల్లలో ఆ మాట బట్టీ పట్టి పరీక్షలు రాస్తారట. చిముతు వాళ్లకు మాత్రం ఆ సంగతి తెలియదు.

నమవాటేలో మాకు పెళ్లివారికి జరిగినంత మర్యాద జరిగింది. ఊరి పెద్ద రుఫినా ఆడవాళ్లందరినీ వరుసగా నిలబెట్టి పాట పాడించింది. పాటలో ప్రొఫెసరమ్మ పేరు కూడా ఇరికించారు. చాప మీద కూర్చోబెట్టి, ఉడకబెట్టిన కర్రపెండలం, అరటిపళ్లు, మామిడిపళ్లు కుప్పపోశారు.

"మీ పుణ్యమాని బతికున్నాం తల్లీ" అంది రుఫినా. "పోయిన నెల పది రోజులు ఏమీ తినలేదనుకో! పిల్లలు అల్లాడిపోయారు."

"పది రోజులా? మరి పిల్లలకి ఏం పెట్టారు?" అంది ప్రొఫెసరమ్మ.

"ఏముంటుంది పెట్టడానికి? పొద్దున్న కర్రపెండలం, మధ్యాహ్నం మామిడిపళ్లు, పొద్దుగూకితే మళ్లీ కర్రపెండలం. అంతే."

ప్రొఫెసరమ్మ చేతిలో సగం కొరికిన మామిడిపండు ఉంది. దాన్నొకసారి చూసుకుంది. "ఇది తిన్నట్టు కాదా అమ్మా?"

రుఫినా పకపకా నవ్వింది. వెనకాల ఆడవాళ్లు కూడా నవ్వారు. "ఇదా? ఇది ఊరికే నోరాడించడం! తినడం అంటే న్సిమా కదమ్మా. పట్నంలో మీకు తెలీదా ఏంటి?"

తెలియకేం? న్సిమా, అంటే మొక్కజొన్న పిండి కెలికి చేసిన ముద్దలు, కంచంలో ఉంటేనే మాకు తిండి. ప్రొఫెసరమ్మ కూడా రొట్టె, గుడ్లు, అరటిపళ్లు అన్నీ లాగించి, రెండింటికి గడియారం చూసుకుని "పొద్దున్నుంచి ఏమీ తినలేదు" అనే మనిషే. నేనూ అంతే. కాకపోతే ఆమె ప్రశ్నలు రాసేది ఇంగ్లీషులో. ఆ భాషలో కూర్చున్నప్పుడు మన పొట్ట సంగతి మనకే గుర్తుండదు. ఇంగ్లీషు ప్రశ్నలో తిండి అన్నచోట నేను 'చకుద్యా' అని రాశాను. నిఘంటువులో దాని అర్థం తిండే. మా నోళ్లలో మాత్రం న్సిమా.

మర్నాడు చిముతుకు బయల్దేరాం. కొండ ప్రాంతం వదిలి, చెరకు తోటలు దాటి, ఎండ ముదిరాక ప్రొఫెసరమ్మ అడిగింది.

"మన ప్రశ్నలో తినడం అంటే ఏంటి లాక్సన్ గారూ?"

"తినడం అంటే తినడమే మేడం."

"నిన్న ఆవిడ అన్నది విన్నారుగా."

"రుఫినా మాటలకేం లెండి. పిండి వచ్చే ఊరు. కాస్త ఎక్కువే చెబుతారు."

"ఆవిడ ఎక్కువ చెప్పలేదు. ఉన్నది ఉన్నట్టే చెప్పింది. మనమే ఇంకోలా రాసుకున్నామేమో."

నాకు ఒళ్లు మండింది. ఇరవై రెండేళ్ల అనుభవం నాది, ఒక్క మామిడిపండు చూసి నన్నే అడుగుతుందా అనుకున్నాను. కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. ఆమె మళ్లీ అడగలేదు.

చిముతులో పాటల్లేవు. మేం వెళ్లింది ఎసినాతి అవ్వ ఇంటికి. మా జాబితాలో మొదటి ఇల్లు ఆమెదే. నాలుగేళ్లుగా ప్రతి సర్వేలోనూ అడిగాం, పోయినసారి నేనే స్వయంగా అడిగాను. డెబ్భై దాటి ఉంటాయి. కూతురు పట్నంలో ఎక్కడో పనిలో ఉంది, ఇద్దరు మనవరాళ్లు అవ్వ దగ్గరే. నన్ను చూడగానే గుర్తుపట్టింది.

"టోపీ అయ్యా, మళ్లీ వచ్చావా! ఏం రాస్తావయ్యా అంత? మా ఊరికి పెళ్లి సంబంధాలు చూస్తున్నావా ఏం?"

"నీకే చూస్తున్నానవ్వా. కుదరడం లేదు."

"పళ్లున్నోణ్ణి చూడు. నాకెట్టాగూ లేవు, ఇంట్లో ఒక్కరికన్నా ఉండాలిగా" అని చాప పరిచింది.

ప్రొఫెసరమ్మ మనసు కుదుటపడినట్టుంది. మీ ఊరి రహస్యం ఏమిటో చెప్పు, ఇంత కష్టంలోనూ పస్తుల్లేకుండా ఎలా నెట్టుకొస్తున్నారు అని అడిగింది. అవ్వ ఆమె ముఖంలోకి తేరిపార చూసి, "ముందు తినండమ్మా, తర్వాత అడుగుదురు" అంది. పెద్ద మనవరాలు మెలియా, ఎనిమిదేళ్లుంటాయేమో, చెంబుతో మా చేతుల మీద నీళ్లు పోసింది.

కంచంలో ముద్దలు నీట్‌గా ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. రంగు మాత్రం మట్టి రంగు. పక్కన బెండకాయ జిగురు కూర. పిల్లలిద్దరూ వేరే కంచం ముందు కూర్చున్నారు.

"దంపుడు పిండా అవ్వా? చాలా మంచిది ఒంటికి. పట్నంలో డాక్టర్లు ఇదే తినమంటున్నారు" అంది ప్రొఫెసరమ్మ.

"అట్టాగా?" అంది అవ్వ.

నేను ముద్ద తుంచి, కూరలో అద్ది, నోట్లో పెట్టుకున్నాను. అది గొంతు దిగలేదు. గరగరా గీసుకుంటూ సగంలో ఆగింది. ఆ రుచి నాకు తెలుసు. నా చిన్నప్పుడు ఒక కరువు ఏడాది మా అమ్మ అదే వండింది. అది పిండి కాదు. మిల్లు దగ్గర పందుల కోసం అమ్మే మొక్కజొన్న తవుడు.

తలెత్తాను. అవ్వ నన్నే చూస్తోంది. నాకు తెలిసిపోయిందని ఆమెకూ తెలిసింది. కళ్లతోనే పిల్లల వైపు చూపించి, "కూర బాగుందా నాయనా? ఇంకొంచెం వెయ్యనా?" అంది.

"బాగుందవ్వా" అన్నాను. కూర అడ్డం పెట్టుకుని ఆ ముద్దలన్నీ మింగాను. వాళ్ల ఇంట్లో ఉన్నదే మాకు పెట్టింది, వదిలేయడానికి నాకు మనసొప్పలేదు. అలా మింగుతుంటేనే పన్నెండేళ్ల నాటి శిక్షణ తరగతి గుర్తొచ్చింది. ఒక అమ్మాయి చెయ్యెత్తి, "సార్, తవుడు కెలుక్కుని తిన్నామంటే ఎలా రాయాలి?" అని అడిగింది. "ముద్ద ఉందా లేదా? ఉంటే తిన్నట్టే. తర్వాతి ప్రశ్నకి వెళ్లు" అన్నాను. అందరూ నవ్వారు. ఆ పిల్ల తల దించుకుని రాసుకుంది.

చేతులు కడుక్కుని, నది చూపిస్తాను రండి అని ప్రొఫెసరమ్మను బయటికి తీసుకెళ్లాను. రెల్లు పొదల దగ్గర నిలబెట్టి మొత్తం చెప్పాను. మనం తిన్నది తవుడని, అది ముద్దలా ఉంటుంది కాబట్టి వీళ్లు తిన్నామనే చెబుతారని, అలాగే రాసుకోమని నేనే నేర్పానని. నమవాటే వాళ్లు కడుపు నిండా పళ్లు తిని తినలేదన్నారు, వీళ్లు తవుడు మింగి తిన్నామన్నారు. పిండి అటు వెళ్లింది. ఇటు రాలేదు.

ఆమె అరుస్తుందనుకున్నాను. అరవలేదు. నెమ్మదిగా అడిగింది. "పన్నెండేళ్లలో ఒక్కసారైనా ఎందుకు చెప్పలేదు?"

"మీరు అడగలేదు మేడం" అనేశాను. అన్నాక నాకే అసహ్యం వేసింది. "అది కాదు. నాకు పట్టలేదు. కాగితం నింపడమే పని అనుకున్నాను."

"నాకూ పట్టలేదు" అంది. "ఈ ఊరి గురించి పదకొండు దేశాల్లో మాట్లాడాను. వీళ్లని చూసి ఓర్పు నేర్చుకోమని చెప్పొచ్చాను. ఒక్కసారి ఈ చాప మీద కూర్చుని భోంచెయ్యలేదు." వెనక్కి తిరిగి, "పదండి, ఆవిడని అడగాలి" అంది.

మేం తిరిగి వెళ్లేసరికి పిల్లలు కంచాలు తోమడానికి బోరింగు దగ్గరికి వెళ్లారు. ప్రొఫెసరమ్మ అవ్వకు ఎదురుగా నేల మీదే కూర్చుంది.

"అవ్వా, ఇందాక మాకు పెట్టింది తవుడే కదా?"

"అవును తల్లీ. పిండైపోయి నెలన్నర అయింది. మీరొస్తారని తెలిస్తే ఎక్కడన్నా అప్పడిగుండేదాన్ని."

"మరి మేం వచ్చినప్పుడల్లా రోజూ తిన్నాం అని చెప్పావు. లేదు అనుంటే ఈ ఊరికి పిండి వచ్చేది. ఎందుకవ్వా అబద్ధం చెప్పావు?"

అవ్వకు కోపం రాలేదు. వాకిట్లోకి తొంగి చూసి, పిల్లలు ఇంకా రాలేదని నిర్ధారించుకుంది.

"అబద్ధం ఎందుకాడతానమ్మా? మీరడిగినప్పుడల్లా పిల్లలు నా పక్కనే ఉన్నారు. పొద్దున నేనే వాళ్లకి ముద్ద పెట్టి, న్సిమా తినండర్రా అన్నాను. ఏడుపు ముఖం పెట్టుకునైనా మింగారు, అవ్వ చెప్పింది కదాని. కాసేపటికే ఈ టోపీ అయ్య వచ్చి నెలలో తినని రోజులెన్ని అంటే, ఇన్ని అని నేనెట్టా అంటాను? వాళ్లు తిన్నది తిండి కాదని వాళ్లకి నేనే చెప్పనా?"

నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు కూడా. "ఊరుకో నాయనా, ఇంతోడివి" అని అవ్వ నన్నే ఓదార్చింది.

సోమవారం ఉత్తరం వెళ్లింది. ప్రశ్న తప్పు, దాన్ని వాడొద్దు, ఈ ఏటి జాబితా తయారు చేసేముందు మళ్లీ సర్వే చేయండి అని ఆమె రాసింది. విశ్వవిద్యాలయం ఫారంలో 'మీ పరిశోధన ప్రభావానికి ముఖ్యమైన ఉదాహరణ' అన్నచోట, 'చిముతు గ్రామానికి పన్నెండేళ్లు పిండి అందలేదు' అని ఒక్క వాక్యం రాసి పంపింది. అక్కడి వాళ్లు, 'మీరు పొరపాటు పడ్డారేమో సరిచూసుకోండి' అని వెనక్కి పంపారు. ఆమె చుక్క కూడా మార్చకుండా మళ్లీ పంపింది. 'చిముతు ఓర్పు' అన్న తన వ్యాసం తప్పని తనే ఇంకో వ్యాసం రాసింది. ఆ ఏడు ఆమెకు రావలసిన పురస్కారం ఇంకెవరికో వెళ్లింది. వాళ్ల శాఖలో కొందరు చాటుగా నవ్వుకున్నారని విన్నాను. ఆమె ముందు నవ్వే ధైర్యం ఎవరికీ లేదు.

పిండి ఆఫీసు వాళ్లు ముందు సణిగారు గాని, చివరికి జనవరిలో సర్వేకి ఒప్పుకున్నారు. కొత్త ప్రశ్న ఇద్దరం కలిసి రాశాం. ఈసారి ముందు చిచేవాలో రాసి, తర్వాత ఇంగ్లీషులోకి మార్చాం. తిన్నారా లేదా అని అడగం. నిన్న పొద్దున్నుంచి నోట్లో వేసుకున్నవన్నీ చెప్పండి, ఒక్కొక్కటీ దేనితో చేశారో, నెలలో అలా ఎన్నాళ్లు గడిచాయో చెప్పండి అని అడుగుతాం. తవుడుతో నెట్టుకొచ్చిన రోజు పస్తు కిందే లెక్క. దాని కింద నేను ఒక వరుస చేర్చాను. 'ఈ ప్రశ్న అడిగే ముందు పిల్లలను దూరంగా పంపాలి.' దీని అవసరం ఏమిటని ఆఫీసు వాళ్లు అడిగితే, కొట్టేస్తే నేను సర్వేకి రానని చెప్పాను. ఉంచారు. చిచేవా అనువాదం అంటూ లేదు కాబట్టి పుస్తకంలో నా పేరు వేయలేదు. మా ఆవిడకు ఇంకా చెప్పలేదు, అది వేరే సంగతి.

నమవాటేలో మొదట అడిగాం. తొమ్మిది రోజుల పస్తులు మూడుకు దిగాయి. ఆ సంగతి తెలిసి రుఫినా నాకు ఫోన్ చేసి, "నీ నోట్లో మన్ను పడ, మామిడిపళ్లు నీకు పెట్టడమే నేను చేసిన పాపం" అని పావుగంట తిట్టింది. విన్నాను. ఆమెకూ కష్టం ఉంది, మూడు రోజులైనా పస్తు పస్తే. కానీ ఉన్న బస్తాలు కొన్నే. ఎవరికి ముందు అన్నదే ప్రశ్న.

చిముతుకు నేనొక్కణ్ణే వెళ్లాను. పొయ్యి మీద కుండ ఉంది, అవ్వ కెలుకుతోంది. మెలియా, దాని చెల్లెలు కంచాలు సర్దుతున్నారు.

"అమ్మాయ్ మెలియా, చెల్లెల్ని తీసుకుని అట్టా నది దాకా వెళ్లి, నీటిగుర్రాలు ఒడ్డుకొచ్చాయేమో చూసి రా. దగ్గరికి పోకండి" అన్నాను. ఇద్దరూ పరుగెత్తారు. అవ్వ నన్ను అనుమానంగా చూసింది.

"ఏంటయ్యా, పిల్లల్ని తరిమావు?"

"ఒక మాట అడగాలవ్వా. నిన్న ఏం తిన్నారు? దేనితో చేసింది?"

ఆమె గరిటె ఆపింది. అటూ ఇటూ చూసింది. నది వైపు పిల్లల వీపులు చిన్నగా కనిపిస్తున్నాయి. అయినా గొంతు తగ్గించే చెప్పింది.

"తవుడు."

"మొన్న?"

"తవుడే."

"ఈ నెలలో ఎన్నాళ్లు?"

"అన్ని రోజులూ నాయనా. మొన్న ఆదివారం ఒక్కటి తీసెయ్. ఆ రోజు చేప దొరికింది."

రాసుకున్నాను. అంకె స్పష్టంగా కనపడాలని మళ్లీ దిద్దాను. అవ్వ మెడ చాచి నా కాగితం వైపు చూసింది. చదవడం రాదు గాని, సిరా పడిందో లేదో చూసుకుంది.

"రాశావా?"

"రాశానవ్వా."

"అయితే పిల్లల్ని పిలువు" అంది, కుండ దించుతూ. "న్సిమా చల్లారిపోతుంది."